పాడుబడ్డ పెరటి బావికి మట్టి ఎంత?

తాత తవ్వించిన బావి. బోరు వచ్చాక చేంతాడు మూలపడింది. గట్టు కూలి పిల్లలకు, పశువులకు గండంగా మారింది. పూడ్చాలంటే ముందు లెక్క చూసుకోవాలి.

10 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు గల గుండ్రటి బావికి సుమారు 3,140 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. ట్రాక్టరుకు 100 ఘనపుటడుగుల చొప్పున 32 ట్రాక్టర్లు. అణిగే దానికి మరో 8 కలిపితే 40. ఊళ్లో ట్రాక్టరు మట్టి ధరతో హెచ్చిస్తే ఖర్చు తేలుతుంది.

వేసవిలో నీరు అడుగంటినప్పుడు పని మొదలుపెట్టాలి. విషవాయువు ఉండవచ్చు గనుక మనిషిని దించరాదు. అడుగున రాళ్లు, ఇసుక, ఆపైన మట్టి పోస్తూ నీళ్లు పట్టించాలి. చెత్త వేస్తే చుట్టుపక్కల బోర్ల నీరు చెడుతుంది. పైన కుప్పగా వదిలి ఒక వానాకాలం ఆగాలి. అక్కడ గోడ లేపరాదు.

తాత దప్పిక తీర్చిన బావి మనవడి ప్రాణం మీదికి రాకూడదంటే ఈ ఖర్చు తప్పదు.