పాత లోడర్ కొంటున్నారా? రంగు చూసి మోసపోవద్దు
* గంటల మీటరు కన్నా పిన్నులు, నూనెలే నమ్మదగిన సాక్ష్యం
* వేడెక్కాక, బరువు ఎత్తించాకే అసలు పరీక్ష
* పత్రాలు సరిచూశాకే సొమ్ము చెల్లింపు

చీమకుర్తి: గ్రానైట్ క్వారీలో రాతి వ్యర్థాలను టిప్పర్లకు నింపాలన్నా, క్రషర్ వద్ద కంకర గుట్టలను కదిలించాలన్నా, ఓడరేవులో బొగ్గు, ఎరువులను లారీలకు ఎత్తాలన్నా వీల్ లోడర్ లేనిదే పని సాగదు. కొత్త యంత్రం ధర చిన్న గుత్తేదారులకు తలకు మించిన భారం. అందుకే పలువురు పాత యంత్రాల వైపు మొగ్గు చూపుతుంటారు. పొలమో, ఇంట్లోని బంగారమో తాకట్టు పెట్టి తెచ్చిన లోడర్ నెల తిరగకముందే మూలనపడితే టిప్పర్లు ఖాళీగా నిలిచిపోతాయి. ఆపరేటర్ జీతం, రుణ వాయిదా మాత్రం ఆగవు. పాతదైనంత మాత్రాన యంత్రం పనికిరానిది కాదు. ఏ భాగం ఎంత అరిగిందో తెలుసుకోకుండా ధర ఖరారు చేసుకోవడమే నష్టానికి మూలం.

ముందు పని.. తర్వాత యంత్రం
యంత్రాన్ని చూడటానికి వెళ్లే ముందు దానితో చేయించే పనిని లెక్క వేసుకోవాలి. గెలాక్సీ గ్రానైట్ ఘనపు మీటరు బరువు సుమారు 3 టన్నులు. 3 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తున్న దిమ్మె 16 టన్నులు దాటుతుంది. 5 టన్నుల తరగతి లోడర్‌తో దాన్ని ఎత్తాలనుకోవడం ప్రాణాలతో చెలగాటమే. అదే లోడర్ 3 ఘనపు మీటర్ల బకెట్‌తో కంకరను తేలికగా ఎత్తుతుంది. పూర్తిగా మలుపు తిరిగిన స్థితిలో ఎంత బరువుకు యంత్రం ముందుకు ఒరిగిపోతుందో, అందులో సగానికి మించకుండా బకెట్ బరువును నిర్ణయించడం వీల్ లోడర్లకు అంతర్జాతీయ ప్రమాణం. అసలు బకెట్ తీసి అంతకన్నా పెద్దది తగిలించిన యంత్రమైతే ఇరుసులు, పిన్నులపై అదనపు భారం పడి ఉంటుందని గ్రహించాలి.

గంటల మీటరును నమ్మవచ్చా?
గంటల మీటరును మార్చడం కష్టమేమీ కాదు. అందువల్ల అందులోని అంకెను యంత్రం వయసుతో పోల్చి చూడాలి. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు నడిస్తే 2,000 గంటలవుతుంది. క్వారీలో 12 ఏళ్లు పనిచేసిన లోడర్ 6,000 గంటలే చూపితే ఏడాదికి 500 గంటలే నడిచినట్లు లెక్క. అంత తక్కువగా నడవడానికి కారణమేమిటో అమ్మకందారు ఆధారాలతో చెప్పగలగాలి. పెడళ్ల రబ్బరు, సీటు, ఎక్కే మెట్ల అరుగుదల కూడా నిజాన్ని బయటపెడతాయి. యంత్రం ఎక్కడ పనిచేసిందన్నదీ ముఖ్యమే. ఎరువులు, ఉప్పు ఎత్తిన యంత్రాలను తుప్పు తినేస్తుంది. రాతిలో నడిచిన వాటికి పగుళ్లు, అరుగుదల అధికం.

చల్లని ఇంజిన్‌తోనే మొదలు
కొనుగోలుదారు వచ్చేసరికే ఇంజిన్ వేడిగా ఉందంటే అనుమానించాల్సిందే. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కావడానికి ఎంత సమయం తీసుకుంటోందో గమనించాలి. వేడెక్కిన తర్వాత కూడా నీలం పొగ వస్తుంటే ఇంజిన్ ఆయిల్ మండుతున్నట్లు. ఎడతెగని నల్ల పొగకు గాలి సరిగా అందకపోవడమో, ఇంజెక్టర్ల లోపమో కారణం కావచ్చు. తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగా మండడం లేదని గానీ, సిలిండర్‌లోకి నీరు చేరుతోందని గానీ అర్థం. తక్కువ వేగంలో ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే ఆవిరి బలంగా ఎగదన్నుతుంటే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. రేడియేటర్ మూతను మాత్రం ఇంజిన్ చల్లారాకే తీయాలి.

నడుమే కీలకం
వీల్ లోడర్ రెండు చట్రాలను మధ్యలో కీలుతో కలిపిన యంత్రం. స్టీరింగ్ తిప్పినప్పుడు కారులోలా ముందు చక్రాలు పక్కకు తిరగవు. యంత్రమే నడుము వద్ద వంగుతుంది. ఆ కీలు పిన్నులు, బేరింగులు అరిగితే మరమ్మతుకు యంత్రాన్ని రెండుగా విడదీయవలసి వస్తుంది. బకెట్‌ను నేలకు అదిమి ముందు చక్రాలను కొద్దిగా పైకి లేపి, మళ్లీ దించుతూ కీలు వద్ద రెండు చట్రాల మధ్య కదలిక ఉందేమో చూడాలి. ఇంజిన్ నడుస్తున్నంతసేపు ఆ మధ్యలో ఎవరూ నిలబడరాదు. యంత్రం ముడుచుకుంటే మనిషి నలిగిపోతాడు. దూరంగా పక్కన నిలబడి చూడాలి. చట్రంపై, బకెట్ చేతులపై కొత్త వెల్డింగ్ గీతలు, ఒకే చోట తాజాగా వేసిన రంగు కనిపిస్తే దాని కింద పగులు ఉందేమో గీకి చూడటం మేలు.

గేర్‌బాక్సు, ఇరుసులు
పాత లోడర్‌లో కొన్న వారిని ఎక్కువగా దెబ్బతీసేవి ఇవే. ఖాళీ యంత్రాన్ని ఆవరణలో ఒక చుట్టు తిప్పితే లోపం బయటపడదు. కనీసం అరగంట గుట్టలోకి దూరి, బకెట్ నింపి, ఎత్తుపై నడిపించాలి. నూనె వేడెక్కాక గేరు పడటానికి ఆలస్యమైనా, ఒక దిశలో బలం తగ్గినా లోపల క్లచ్ పలకలు అరిగినట్లు భావించాలి. బ్రేకులు పట్టి ఇంజిన్‌ను పూర్తి వేగానికి తెచ్చి టార్క్ కన్వర్టర్‌ను పరీక్షించే పద్ధతి ఉంది. అనుభవమున్న మెకానిక్ మాత్రమే, తయారీ సంస్థ పుస్తకంలోని విధానం ప్రకారం, కొద్ది సెకన్లపాటే దీన్ని చేయాలి. ఎక్కువసేపు చేస్తే నూనె మితిమీరి వేడెక్కి కొత్త నష్టం తెస్తుంది.

ఇరుసుల నూనె పాలలా తెల్లబడితే నీరు చేరినట్లు. డ్రెయిన్ ప్లగ్‌కు ఇనుప ముక్కలు అంటుకుంటే పళ్ల చక్రాలు విరుగుతున్నట్లు. ఇంజిన్, గేర్‌బాక్సు, హైడ్రాలిక్ నూనెల నమూనాలను ప్రయోగశాలకు పంపితే ఇనుము, రాగి, దుమ్ము శాతాలు తెలుస్తాయి. ముందురోజే మార్చిన నూనె మాత్రం ఏమీ చెప్పదు. అందుకే చివరిసారి ఎప్పుడు మార్చారో అడగాలి.

బకెట్ ఎత్తి ఆపి చూడాలి
నిండు బకెట్‌ను సగం ఎత్తుకు లేపి ఇంజిన్ ఆపేయాలి. దాని కిందికి ఎవరినీ వెళ్లనీయరాదు. బకెట్ వేగంగా కిందికి జారుతుంటే సిలిండర్ సీళ్లు గానీ, వాల్వులు గానీ పాడైనట్లు. ఎత్తడానికి పట్టే సమయాన్ని యంత్రం పుస్తకంలోని అంకెతో పోల్చితే పంపు సత్తువ తెలుస్తుంది. సిలిండర్ రాడ్లపై గీతలు, ఉబ్బిన హోస్ పైపులు, బకెట్ పిన్నుల వద్ద ఆట, పలచబడిన కట్టింగ్ ఎడ్జ్ కూడా ఖర్చు జాబితాలో చేరవలసినవే.

ఏటవాలుపై పార్కింగ్ బ్రేకును పరీక్షించాలి. గాలితో పనిచేసే బ్రేకులైతే ఇంజిన్ ఆపాక గాలి ఎంత త్వరగా దిగిపోతోందో గమనించాలి. టైర్ల విషయంలో పక్కల కోతలను, లోపలి దారాలు బయటపడిన చోట్లను వెతకాలి. రాతి పనికి వాడే ఎల్-5 రకం టైరు గాడి లోతు సాధారణ ఎల్-3 రకానికి రెండున్నర రెట్లు. నాలుగు టైర్లూ ఒకే కొలతలో లేకపోతే ఇరుసులపై ఒత్తిడి పెరుగుతుంది.

పత్రాలు సరిగా ఉన్నాయా?
చట్రంపై, ఇంజిన్‌పై ఉన్న నంబర్లను ఆర్‌సీతో సరిపోల్చాలి. ఫైనాన్స్ బకాయి తీరితే ఫారం 35, రుణ సంస్థ నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 అవసరం. ఇతర రాష్ట్రం నుంచి తెస్తే ఫారం 28 ద్వారా అక్కడి రవాణాశాఖ అనుమతి పొందాలి. పన్ను, బీమా వివరాలు చూడాలి. రుణ సంస్థల వేలంలో యంత్రాన్ని ‘ఉన్నది ఉన్నట్లుగా’ అమ్ముతారు. ఆ తర్వాత లోపాలపై ఫిర్యాదుకు అవకాశం స్వల్పం కాబట్టి పాట పాడకముందే పరిశీలన పూర్తి కావాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి నిర్మాణ యంత్రాలకు కొత్త ఉద్గార నిబంధనలు అమలయ్యాయి. ఆ తర్వాతి యంత్రాల ఇంజిన్లలో ఎలక్ట్రానిక్ భాగాలు ఎక్కువ. వాటిని పరీక్షించే పరికరం, మెకానిక్ దగ్గరలో ఉన్నారో లేదో తెలుసుకోవాలి.

ధర ఖరారు ఇలా
కనిపించిన ప్రతి లోపానికీ విడిభాగం ధర, కూలీ, మరమ్మతు జరిగే రోజుల్లో పోయే ఆదాయం కాగితంపై రాసుకోవాలి. ఆ మొత్తాన్ని మంచి స్థితిలో ఉన్న అదే రకం యంత్రం ధరలోంచి తీసివేస్తే మిగిలేదే ఇవ్వదగిన సొమ్ము. టైర్లు, పైపులు, పిన్నుల లోపాలను ధరలో సర్దుకోవచ్చు. చట్రం పగులు, నడుము కీలు అరుగుదల, గేర్‌బాక్సు జారుడు ఒకే యంత్రంలో కనిపిస్తే ఎంత తక్కువకు ఇచ్చినా వదులుకోవడమే క్షేమం. బరువుతో నడిపి చూడటానికి అమ్మకందారు అంగీకరించకపోతే బయానా కూడా ఇవ్వకూడదు.