పంక్తి యోధుని విలువ కట్టుట ఎట్లు?

ఫుట్‌బాల్ అనగానే హైదరాబాదు వారికి సయ్యద్ అబ్దుల్ రహీం గారు, 1962 ఆసియా క్రీడల స్వర్ణపతకం జ్ఞప్తికి వస్తాయి. ఈ వ్యాసంలో ప్రస్తావించబోయే ఫుట్‌బాల్ అది కాదు. అమెరికా వారు అదే పేరుతో పిలుచుకొనే ఆటలో బంతిని కాలితో తన్నడం అరుదు. చేతబట్టుకొని పరుగెత్తడం, విసరడం ఎక్కువ. పక్షానికి పదకొండుగురు. దాడి చేసే పక్షానికి పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ప్రతి ప్రయత్నంలోను సెంటరు అనబడే ఆటగాడు బంతిని తన కాళ్ళ నడుమ నుండి వెనుకకు, క్వార్టర్‌బ్యాక్ అనే నాయకునికి అందిస్తాడు. ఆ నాయకుని ముందు అయిదుగురు మహాకాయులు గోడవలె నిలుస్తారు. ఆ గోడకు ఎదురుగా, రక్షణ పక్షం తరపున నేలపై చేతిని ఆన్చి వంగి నిలిచే ముగ్గురు లేక నలుగురే మన వ్యాసానికి నాయకులు. వీరిని డిఫెన్సివ్ లైన్‌మెన్ అంటారు. పంక్తి యోధులని మనం పిలుచుకొనవచ్చును. గోడను ఛేదించి బంతి ఉన్నవానిని పట్టుకొనడం వీరి విధి. బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టినచో దానిని శాక్ అంటారు.

ఈ ఆటలో వృత్తి జట్లు 32. వాటికి ఆటగాళ్ళు ప్రధానంగా విశ్వవిద్యాలయాల నుండి వస్తారు. ఏటేటా జరిగే ఎంపికను డ్రాఫ్టు అంటారు. ఇది 1936 లో ప్రారంభమైంది. గత సంవత్సరం అందరికంటె హీనంగా ఆడిన జట్టు మొదట కోరుకొంటుంది. ఇట్లు ఏడు ఆవృత్తులు సాగుతాయి. 2011 నుండి, ఎన్నవ స్థానంలో ఎంపికైనాడన్న దానినిబట్టియే యువకుని తొలి ఒప్పందం విలువ దాదాపు నిర్ణయమౌతున్నది. ఇరవై ఒకటి, ఇరవై రెండేండ్ల కుర్రవాని బ్రతుకుతెరువు, ఒక జట్టు రాబోయే కొన్ని సంవత్సరాల భవిష్యత్తు ఈ అంచనాపై ఆధారపడి ఉంటాయి.

అంచనా వేసే పరిశీలకుడు గత ఆటల చిత్రాలను ముందుంచుకొని కూర్చుంటాడు. సాధారణ ప్రేక్షకుని కన్ను బంతి వెంట పోతుంది. ఇతడు బంతిని విడిచి ఒక్క మనిషినే పట్టుకొని ఉండాలి. బంతి కదలడానికి, ఆ మనిషి పాదం కదలడానికి నడుమ ఎంత ఎడమున్నదో చూస్తాడు. ప్రక్కవాడు లేచిన తరువాత లేచేవాడు ఎల్లప్పుడు ఒక అడుగు వెనుకబడే ఉంటాడు. తరువాత చూడవలసినది నడుము. మన తాలీంఖానాలలో ఏ వస్తాదును అడిగినా ఇదే చెబుతాడు: క్రింది నుండి పట్టినవానిదే పట్టు. నిటారుగా లేచి నిలబడినవాడు ఎంతటి బలశాలి అయినా ఎదుటివాడు రొమ్ముమీద చేతులు వేసి వెనుకకు నెట్టివేయగలడు. ఆపైన చేతులు. ఎదుటివాని చేతులు తన మీద పడకముందే వాటిని విదిలించివేయగలడా? మొదటి ఎత్తు పారనిచో రెండవ ఎత్తు ఉన్నదా, లేక ఆ ఒక్కదానితోనే తలపడి నిలిచిపోతాడా? ఇద్దరు కలిసి మీదపడినప్పుడు పాదం నిలుస్తుందా? ఆట చివరి ఘట్టంలో, ఒళ్ళు అలసిన వేళ, తనకు దూరంగా పోతున్న బంతి వెంట పరుగెత్తుతాడా?

అంకెలు ఇక్కడ తరచు మోసం చేస్తాయి. క్వార్టర్‌బ్యాక్ బంతిని అతిగా పట్టుకొని నిలిచినందువల్ల లభించిన శాక్ కూడ లెక్కలో శాకే. మరొక ప్రక్క, ఇద్దరు ప్రత్యర్థులను తనపైకి లాగుకొని, వెనుకనున్న సహచరునికి దారి తీసియిచ్చినవాని పేరు ఏ పట్టికలోను కనిపించదు. పైగా, ఎవరిమీద సాధించాడన్న ప్రశ్న ఒకటి ఉన్నది. బలహీనమైన కళాశాల గోడను కేవలం బరువుతో త్రోసినవానికి, తనంత బరువే ఉన్నవారు ఎదురైన దినాన వేరే విద్య చేతిలో ఉండాలి. ఏ జట్టుకు అన్నది కూడ ముఖ్యమే. కొన్ని జట్లు తమ పంక్తి యోధుని ఎదుటివానిని పట్టి నిలిపి, అతనికి రెండు ప్రక్కలనున్న సందులను కాపాడమంటాయి. దీనికి భారీకాయం కావాలి. కొన్ని జట్లు ఒకే సందును చూపించి అందులోనుండి దూసుకొని పొమ్మంటాయి. దీనికి వేగం కావాలి. ఒకచోట రాణించేవాడు మరొకచోట సామాన్యుడు కావచ్చును.

చిత్ర పరిశీలనకు తోడు శరీర పరీక్షలు జరుగుతాయి. 1987 నుండి ఇవి ఇండియానాపోలిస్ నగరంలో జరుగుతున్నాయి. ఎత్తు, బరువు, చేతుల పొడవు కొలుస్తారు. 40 గజాలు పరుగెత్తిస్తారు. 225 పౌన్ల బరువును, అనగా 102 కిలోలను, వెల్లకిల పరుండి ఎన్నిసార్లు ఎత్తగలడో లెక్కిస్తారు. వైద్యులు కీళ్ళను పరీక్షిస్తారు. పంక్తి యోధుడు ఆటలో 40 గజాలు తిన్నగా పరుగెత్తే సందర్భం బహు స్వల్పం. అందుచేత తెలిసినవారు ఆ పరుగులో మొదటి 10 గజాల కాలాన్నే ఎక్కువగా పట్టించుకొంటారు.

ఈ పరీక్షలకే ప్రత్యేకంగా తర్ఫీదు పొంది వచ్చి అందరినీ అబ్బురపరచినవాడు బోస్టన్ కాలేజీకి చెందిన మైక్ మములా. 1995 లో ఫిలడెల్ఫియా జట్టు తన 12 వ స్థానాన్ని, మరికొన్ని ఎంపికలను టాంపా బే జట్టుకు ఇచ్చి, 7 వ స్థానానికి ఎగబ్రాకి అతనిని తీసుకొన్నది. ఆ 12 వ స్థానంలో టాంపా బే తీసుకొన్నవాడు వారెన్ సాప్. మములా మొత్తం 31.5 శాక్‌లతో ఆట ముగించాడు, సాప్ 96.5 శాక్‌లు సాధించి 2013 లో కీర్తిమందిరంలో స్థానం పొందాడు. మములా చేతకానివాడని కాదు. అతని మీద పెట్టిన వెల వేరు, ఆట వేరు. అందమైన దస్తూరికి మార్కులు వేసి తరువాత నాలుక కరచుకొన్న పరీక్షకులకు ఈ చిక్కు తెలియనిది కాదు. ఈ వ్యాసకర్త వారిలో ఒకడు.

కొలతలు ఎక్కువ వెల తెచ్చినట్లే తక్కువ వెల కూడ తెస్తాయి. 1990 లో జాన్ రాండిల్‌ను ఏ జట్టూ కోరుకొనలేదు, చిన్నవాడన్నారు. 250 పౌన్లు తూగితే చేర్చుకొంటామని మిన్నెసోటా జట్టు చెప్పగా, దుస్తుల క్రింద గొలుసు చుట్టుకొని త్రాసు ఎక్కాడట. అతడు 137.5 శాక్‌లు సాధించాడు.

ఇన్ని అనుభవాలు ఉండగా 2014 లో ఆరన్ డొనాల్డ్ వచ్చాడు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ విద్యార్థి. అంతకు ముందటి 2013 సంవత్సరంలో 11 శాక్‌లు సాధించాడు. బంతి పట్టినవారిని గీత వెనుకనే పడగొట్టిన సందర్భాలు 28.5. దేశంలోని ఉత్తమ రక్షకులకు, పంక్తి యోధులకు ఇచ్చే నాలుగు ప్రధాన బహుమతులు అతనికే దక్కాయి. చిత్రంలో చూచినవారికి మొదటి అడుగు, నడుము వంపు, చేతుల చురుకు అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. కాని ఎత్తు ఆరడుగుల ఒక అంగుళానికి మించదు; బరువు 285 పౌన్లు. గోడ మధ్యభాగంలో నిలిచే యోధునికి ఇది చాలదని పలువురు తలచారు. ఇండియానాపోలిస్‌లో అతడు 40 గజాలు 4.68 సెకండ్లలో పరుగెత్తాడు; 225 పౌన్ల బరువును 35 మార్లు ఎత్తాడు. ఇక్కడ పరీక్ష అబద్ధమాడలేదు. కన్ను చూచినదానికి కొలత సాక్ష్యం చెప్పింది. నా అభిప్రాయంలో ఈ పరీక్షల సరియైన ఉపయోగం ఇదే: చిత్రం ఇచ్చిన సమాధానాన్ని సరిచూచుకొనడానికి గాని, దానికి బదులుగా కాదు.

అయినను అతని వంతు 13 వ స్థానానికి గాని రాలేదు. ముందు ఎంపికైన పన్నెండుగురిలో ఖలీల్ మాక్ వంటి ఘనులు లేకపోలేదు. అయితే ఒక సంగతి గమనింపదగినది. డొనాల్డ్‌ను తీసుకొన్న సెయింట్ లూయీ రామ్స్ జట్టుకు ఆ రాత్రి రెండవ స్థానం కూడ ఉన్నది. ఆ స్థానంలో వారు ఎంచుకొన్నది ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగ్ రాబిన్సన్‌ను. దాడి పక్షపు గోడలో నిలిచేవాడు, ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు, 332 పౌన్ల బరువు, అంతటి దేహంతో అబ్బురమైన వేగం. మూడేండ్లకు, 2017 లో, అతనిని మరొక జట్టుకు ఇచ్చివేశారు. అదే 2017 లో డొనాల్డ్ దేశంలోని ఉత్తమ రక్షకునిగా ఎన్నికైనాడు. 2018, 2020 సంవత్సరాలలో మరల ఎన్నికైనాడు. అతని విలువ గ్రహించినవారు కూడ ముందుగా దేహానికే మ్రొక్కారన్నమాట.

2022 ఫిబ్రవరిలో, అప్పటికి లాస్ ఏంజెలిస్‌కు తరలివచ్చిన రామ్స్ సూపర్ బౌల్‌లో సిన్సినాటితో తలపడింది. మూడు పాయింట్ల ఆధిక్యం, ఆట ముగియడానికి నిమిషం కూడ లేదు, ప్రత్యర్థులకు చివరిదైన నాలుగవ ప్రయత్నం. డొనాల్డ్ గోడను దాటి క్వార్టర్‌బ్యాక్ జో బరోను చుట్టివేశాడు. తూలుతూ విసరిన బంతి ఎవరికీ అందలేదు. 23-20 తో రామ్స్ గెలిచింది.

పది సంవత్సరాలలో 111 శాక్‌లు సాధించి అతడు 2024 మార్చిలో విరమించాడు. మరుసటి నెల డ్రాఫ్టులో రామ్స్ జట్టు ఫ్లారిడా స్టేట్ విశ్వవిద్యాలయం నుండి ఇద్దరు పంక్తి యోధులను తీసుకొన్నది. మొదటివాడు జారెడ్ వెర్స్, 19 వ స్థానం. రెండవవాడు బ్రేడెన్ ఫిస్క్, 39 వ స్థానం. ఫిస్క్ వేగం మెచ్చుకొన్నవారు కూడ అతని చేతులు పొట్టివని సందేహించారు. ఆ సంవత్సరం క్రొత్తగా వచ్చినవారందరిలోను ఎక్కువ శాక్‌లు, ఎనిమిదిన్నర, సాధించినవాడు అతడే.