నల్లమల పెంటలలో రెండు రోజుల పాదయాత్ర

వారాంతపు విహారమనగానే మన హిమాయత్‌నగర్, ఆబిడ్స్, నాంపల్లి విద్యార్థులకు మొదట స్ఫురించేవి గోలకొండ కోట, గండిపేట చెరువు, మహా అయితే అనంతగిరి కొండలు. ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చును. వెంట తెచ్చుకున్న బిర్యానీ పూర్తిగా చల్లారకముందే తినవచ్చును. అది విహారమే కాని పాదయాత్ర కాదు. కొండ మీద మనుషులు నివసించే ఊళ్ళగుండా, వారు నడిచే బాటనే నడుస్తూ, వారు త్రాగే నీరే త్రాగుతూ సాగే యాత్ర ఎట్టిదో తెలియాలంటే హైదరాబాదుకు దగ్గరలో ఉన్నది నల్లమలయే.

శ్రీశైలం రహదారిపై ఆమనగల్లు, డిండి, హాజీపూర్ దాటి సుమారు 140 కిలోమీటర్లు వెళ్ళితే మన్ననూరు వస్తుంది. అక్కడి అటవీశాఖ తనిఖీ ద్వారం దాటగానే దారి ఎగువకు సాగి, సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన అమ్రాబాద్ పీఠభూమికి చేరుతుంది. ఈ అడవిలోనే ఫరహాబాద్ ఉన్నది. ‘ఫరహ్’ అనగా ఆనందము, ‘ఆబాద్’ అనగా నివాసము. నిజాముల కాలపు వేటవిడిది ఆనవాళ్ళు అక్కడ నేటికీ కనిపిస్తాయి. పేరు ఫారసీది, దాని చుట్టూ ఉన్న ఊళ్ళ పేర్లు అచ్చ తెలుగువి. మన కళాశాల వంటి రెండు భాషల ఇంటికి ఈ అడవి కొత్తది కాదని మేము విద్యార్థులతో అంటూ ఉంటాము.

అచ్చటి ఊళ్ళను పెంటలు అంటారు. ఆ మాట వినగానే పట్టణపు పిల్లలు ముసిముసి నవ్వులు నవ్వుతారు. పశువులు మందగా విడిసిన చోట పేడ కుప్పపడుతుంది. ఆ విడిదియే కాలక్రమాన మనుషుల నివాసమై, పేరు నిలిచిపోయి ఉండవచ్చునని మా ఊహ. అప్పాపూర్, బౌరాపూర్, మేడిమల్కల, రాంపూర్ ఇట్టివే. కొన్ని పెంటలలో పట్టుమని పది ఇళ్ళు కూడా ఉండవు. పాతకాలపు గుడిసె గుండ్రని వెదురు తడికెల గోడ, పైన గోపురం వలె గడ్డి కప్పు. ఇప్పుడు సర్కారు కట్టించిన సిమెంటు ఇళ్ళూ ఉన్నవి.

ఇక్కడ నివసించేవారు చెంచులు. 1958 నాటి ‘చెంచులక్ష్మి’ చిత్రం చూసి చెంచులను ఊహించుకున్నవారు ఆ ఊహను మన్ననూరు ద్వారం వద్దనే వదలిపెట్టడం మంచిది. వారు మాట్లాడేది తెలుగే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య 64,227. అందులో నేటి తెలంగాణలోనివారు 17 వేలకు కొంచెం తక్కువ. శ్రీశైల మల్లికార్జునుడు వారికి చెంచు మల్లయ్య, ఇంటి అల్లుడు. అహోబల నరసింహుడూ అల్లుడే. ఇంత పెద్ద దేవుళ్ళను అల్లుళ్ళుగా చేసుకున్న జాతి మరొకటి తెలుగునాట మాకు కనబడలేదు.

వీరిని గురించి తొలిసారి సమగ్రంగా వ్రాసినవాడు ఒక ఆస్ట్రియా దేశీయుడు, క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. 1939లో యుద్ధం మొదలైనప్పుడు ఆయన హైదరాబాదులో ఉన్నాడు. బ్రిటిషువారి దృష్టిలో శత్రుదేశపు పౌరుడు. నిజాం ప్రభుత్వం అనుమతించగా, భార్య బెట్టీతో కలిసి పెంటలలో మకాం వేసి, వారి జీవితాన్ని పరిశీలించాడు. ఆ గ్రంథం 1943లో వెలువడినది. తరువాత ఆయన ఆదిలాబాదు గోండుల మధ్య మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం నెలకొల్పాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధించాడు. 1987లో హైదరాబాదులో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉన్నది. పరిశోధన పేరుతో వెళ్ళి ఆ మట్టిలోనే కలిసిపోయినవారు అరుదు.

చెంచుల జీవనంలో మమ్ములను ఎక్కువగా ఆకర్షించినది తేనె తీయు విధానము. కొండతేనెటీగలు నిట్టనిలువు బండల అంచున, క్రింద లోయ తప్ప మరేమీ లేనిచోట పట్టు పెడతాయి. పైనుండి తాడు వ్రేలాడదీసి, ఒక మనిషి దాని మీదుగా దిగి, పొగబెట్టి ఈగలను తోలి పట్టును కోస్తాడు. పైన తాడు కాచేవాడు ఎవరన్నదే ఇందులోని కీలకము. అన్నదమ్ములకు ఆ పని అప్పగించరు. బావమరిదికి అప్పగిస్తారు. అన్నదమ్మునికి వదినె మీదనో మరదలి మీదనో కన్ను ఉండవచ్చును గాని, బావమరిది మాత్రం తన తోబుట్టువు విధవరాలు కావాలని కోరుకోడు గదా! ‘దాయాది చావు కోరును, బావమరిది బ్రతుకు కోరును’ అన్న సామెతను మనం పెళ్ళి పందిళ్ళలో హాస్యానికి వాడుకుంటాము. నల్లమలలో అది ఒక మనిషి ప్రాణాన్ని మోసే తాడు.

తేనె గాక తపసి బంక, కుంకుడుకాయ, చిల్లగింజ, ముష్టిగింజ, ఇప్పపువ్వు వారి రాబడి వనరులు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వీటిని కొనుగోలు చేస్తూ వచ్చినది. ఇనుప మొన గల కోలతో తవ్వితీసే అడవిగడ్డలు వెనుకటి రోజుల్లో ప్రధానాహారము. నేడు చౌకధరల బియ్యం ఆ స్థానాన్ని చాలావరకు ఆక్రమించినది.

ఈ బాటలపై నడక మనతో మొదలైనది కాదు. శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే భక్తులు శతాబ్దాలుగా ఈ కొండలు దాటుతున్నారు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమంతా ఆ యాత్రకు సంబంధించినదే. అచ్చంపేట సమీపాన గల ఉమామహేశ్వరము శ్రీశైలానికి ఉత్తర ద్వారము. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరుగుతుంది. ఆ కొద్ది రోజులు మాత్రమే దారి తెరుస్తారు. రాంపూర్ పెంట నుండి నాలుగైదు కిలోమీటర్లు రాళ్ళలో నడచి, లోతైన లోయలోకి దిగితే జలపాతము, గుహలో లింగము. పూజారులు చెంచులే.

ఇక అసలు చిక్కు. ఈ పెంటలు చాలావరకు అమ్రాబాద్ పులుల అభయారణ్యపు కేంద్రభాగంలో ఉన్నవి. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అరణ్యాన్ని పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగమే అమ్రాబాద్ అయినది. కేంద్రభాగం నుండి తరలిపోయే కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిహారం ఇచ్చే పథకం ఉన్నది. తరలింపు స్వచ్ఛందంగా, గ్రామసభ సమ్మతితోనే జరగాలని 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెబుతున్నది. కాగితం మీద ఇంతవరకు సక్రమమే. కాని ఆసుపత్రి, బడి, దారి లేక విసిగిన మనిషి ‘పోతాను’ అంటే దానిని స్వచ్ఛందమని ఎంతవరకు అనగలము? పోయినవారు కూలీలుగా మిగిలితే ఆ 15 లక్షలు ఎన్నేళ్ళు వస్తాయి? పులి బ్రతకాలన్నది మాకూ ఇష్టమే. పులికీ చెంచుకూ వైరమున్నదని చెప్పేవారు, ఇరువురూ ఇన్ని తరాలు ఒకే అడవిలో ఎట్లా మనగలిగారో కూడా చెప్పాలి. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానించినప్పుడు ఆ గొంతులలో పెంటల గొంతు కూడా ఉన్నది. ఈ సంగతులు తెలియకుండా అక్కడికి వెళ్ళే విద్యార్థి బొమ్మలు చూసి వచ్చినవాడే అవుతాడు.

కనుక వెళ్ళదలచినవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. అభయారణ్యంలో అనుమతి లేకుండా నడవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరము. పర్యాటకులకు తెరచిన దారులు, జాతర దారులు వేరు, పెంటలకు పోయే కాలిబాటలు వేరు. అధికారులు ఏ దారి చూపితే ఆ దారే. త్రోవ చూపడానికి చెంచు యువకుణ్ణి వెంట తీసుకొని, న్యాయమైన కూలి ముందే మాట్లాడుకోవాలి. అడవి ఎండుటాకులది గనుక వేసవిలో అగ్గిపుల్ల గీయడమే ప్రమాదము. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు నడకకు అనువైన కాలము. వాగు ఎండినచోట ఇసుకలో తోడిన చెలమ కనబడితే అది ఒక పెంటవారి మంచినీటి బావి అని తెలుసుకోవాలి. అందులో చేతులు కడగరాదు. వజూ చేసుకొనే విద్యార్థులు నీటిని పాత్రలోనికి తీసుకొని దూరంగా వెళ్ళాలి.

గుడిసె ముందు నిలబడి అడగకుండా ఫోటో తీయడం, పిల్లలకు మిఠాయిలు విసరడం మాకు ఏమాత్రం రుచించవు. మెహమాన్‌దారీ గురించి ఎంతో గొప్పగా చెప్పుకొనే ఇళ్ళలో పుట్టినవారము, మెహమాన్‌గా వెళ్ళడమెట్లాగో మాత్రం నేర్చుకోలేదు. ముసలివారిని పెద్దాయనా అనో, అమ్మా అనో పిలిచి, పిలిచినప్పుడే అరుగు మీద కూర్చుంటే చాలు, మాటలు వాటంతటవే వస్తాయి.

రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు వరకు మన్ననూరు ద్వారం వద్ద వాహనాలను ఆపివేస్తారు. శనివారం తెల్లవారుజామున నగరం విడిచి, ఆదివారం సాయంత్రం చీకటి పడకముందే ద్వారం దాటేటట్లు ప్రణాళిక వేసుకోవాలి. అనుమతి కోరే దరఖాస్తులో నడిచేవారందరి పేర్లు, బాధ్యత వహించే అధ్యాపకుని పేరు వ్రాసి, కొన్ని వారాల ముందే పంపవలెను.