సాగరతీరమున మితవ్యయము

నీరు కరవైన ఊరిలో నీటిని పొదుపు చేయుమని ఎవరును చెప్పనక్కరలేదు. బిందెడు నీటికై మైళ్ల దూరము నడచిన ఇల్లాలికి ఆ పాఠమును కాళ్లే నేర్పును. కన్నులయెదుట జలాశయము నిండియుండగా, కుళాయి త్రిప్పినంతనే కృష్ణమ్మ ఇంటిలోనికి వచ్చుచుండగా, మితముగా వాడుకొనుట మాత్రము అభ్యాసముచేతగాని అలవడని గుణము. అందుచేతనే, ప్రకృతికి హితమైన జీవనమును గూర్చి తలచినపుడెల్ల, పల్నాడు జిల్లా మాచర్ల మండలమున, నాగార్జునసాగర్ ఆనకట్టకు కుడిగట్టున ఉన్న విజయపురి సౌత్ నా మనస్సునకు వచ్చుచుండును.

1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట పనులకై వచ్చినవారికి నివాసముగా వెలసిన ఊరు ఇది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీరు విడిచిన కాలువలలో కుడికాలువ, అనగా జవహర్ కాలువ, ఇచ్చటనే పుట్టి 203 కిలోమీటర్లు ప్రవహించును. పదకొండు లక్షల ఎకరములకు పైగా భూమిని తడుపుట దాని ఉద్దేశము. ఎక్కడో దూరమున ఉన్న ఒంగోలు పట్టణపు మంచినీటి చెరువులు సైతము సాగర్ నీటికొరకే ఎదురుచూచుచుండును. విజయపురి సౌత్‌లో ఒక ఇల్లు మిగిల్చిన పది బిందెలు ఒంగోలు చేరి దాహము తీర్చునని చెప్పినచో అది అతిశయోక్తి యగును. కాలువ నీటిలో సింహభాగము పొలములదే. అయినను కుళాయిలోనికి వచ్చు ప్రతి బిందెను విద్యుచ్ఛక్తితో పైకి తోడి, శుద్ధిచేసి పంపవలసి యున్నది. వాడి పారబోసిన ప్రతి బిందెయు మురుగై పల్లమును వెదకికొనుచు, తుదకు ఏ వాగునో ఏ నదినో చేరవలసినదే. ఇంటి పొదుపునకు ఈ రెండు కారణములును చాలును.

అంట్లు తోము చోటును ఒకసారి నిదానించి చూడుడు. మామూలు కుళాయి నిమిషమునకు ఆరేడు లీటర్ల నీటిని విడుచును; దానిని ధారగా వదలి పావుగంటసేపు గిన్నెలు కడిగినచో నూరు లీటర్లు తూముపాలగును. ఆ గిన్నెలనే, ముందుగా ఎంగిలి తీసి, పీచుతో తోమి, రెండు తొట్లలో నీరు పట్టుకొని, మొదటిదానిలో కడిగి రెండవదానిలో జాడించినచో ముప్పది లీటర్లతో పని ముగియును. ఆ జాడించిన నీటిలో సబ్బు స్వల్పము గనుక, వాకిలి చల్లుటకు అది పనికివచ్చును. బియ్యము కడిగిన నీరును, వార్చిన గంజియు, కూరల తొక్కులును పాడి ఉన్న ఇంట కుడితితొట్టిలోనికి చేరవలసినవి. పాడి లేని ఇంట కడుగునీరు కరివేపమొక్క పాదులోనికి, తొక్కులు పెరటి గుంటలోని ఎండుటాకుల నడుమకు పోవలసినవి. మన పెద్దలు దీనిని ఏ ఉద్యమముగాను భావింపలేదు. గేదెకు కుడితి వలెను, చెట్టుకు నీరు వలెను, అంతియే.

నీటిని గూర్చి చెప్పుచు అన్నమును మరచుట తగదు. కిలో బియ్యము పండుటకు, ప్రపంచపు సగటు లెక్కను బట్టి, సుమారు రెండున్నరవేల లీటర్ల నీరు కావలసి యుండును. అనగా గుప్పెడు మెతుకులు విస్తరిలో విడిచి లేచినవాడు, తాను స్నానమునకు వాడుకొను నీటికంటె ఎక్కువ నీటిని ఆ విస్తరితోపాటు పారవేసినవాడగుచున్నాడు. కుళాయి కట్టుటయందు ఎంతో జాగరూకత చూపుచు, పెండ్లిపంక్తిలో వలదన్నను వడ్డించి గౌరవించితిమని సంతోషించు గృహస్థులను చూచినపుడు నాకు నిజముగా బాధ కలుగును. అడిగి వడ్డించుటయు, కావలసినంతయే వేయించుకొనుటయు ఈ ప్రాంతమున ఎవరైనను చేయదగిన అతిపెద్ద నీటిపొదుపు.

ఇక వస్తువుల పొదుపునకు ఈ ఊరి పూర్వచరిత్రయే దారి చూపును. విజయపురి అను పేరు ప్రాజెక్టుతో పుట్టినది కాదు. క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి ఈ లోయయందే ఉండెను. జలాశయములో మునుగనున్నదని తెలిసి, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపి, స్తూపములను, విహారములను, రాతిమెట్ల స్నానఘట్టమును వెలికితీసిరి. వానిలో కొన్నింటిని నేడు మనము లాంచీ ఎక్కిపోవు నాగార్జునకొండ మీదికిని, మరికొన్నింటిని సమీపమున ఉన్న అనుపునకును తరలించి పునర్నిర్మించిరి. మహీశాసకులు, బహుశ్రుతీయులు, అపరమహావినసేలీయులు మొదలైన బౌద్ధసంఘముల భిక్షువులు ఆ విహారములలో నివసించిరి.

భిక్షువుల నడవడిని శాసించు వినయపిటకములో ఒక కథ కలదు. కౌశాంబీ ప్రభువైన ఉదయనుని అంతఃపురకాంతలు ఆనందభిక్షువునకు ఐదువందల వస్త్రములు దానమిచ్చిరట. ఇన్ని బట్టలతో ఈ సన్న్యాసి అంగడి తెరచునా యని రాజు ఆగ్రహించి, స్వయముగా వచ్చి ప్రశ్నించెను. చీవరములు చినిగిన భిక్షువులకు పంచెదనని ఆనందుడు చెప్పెను. మరి ఆ చినిగినవానిని ఏమి చేయుదురని రాజు అడుగగా, పడకపై దుప్పట్లు చేయుదుమనెను. పాత దుప్పట్లు పరుపుల గలీబులగును, పాత గలీబులు నేలపై పరచు పట్టలగును, ఆ పట్టలు కాళ్లు తుడుచు గుడ్డలగును, అవి దుమ్ము దులుపు పీలికలగును, ఆ పీలికలను సన్నముగా కొట్టి మట్టితో కలిపి నేల అలుకుదుమనెను. రాజు ప్రసన్నుడై మరి ఐదువందల వస్త్రములిచ్చెనని కథ.

ఒక వస్తువు ఇంటిలో అడుగిడిన పిమ్మట మట్టిలో కలియువరకు ఎన్ని బ్రతుకులు బ్రతుకవచ్చునో ఇంతకంటె స్పష్టముగా చెప్పిన కథ నాకు కనబడలేదు. పల్నాటి పల్లెలలో పాత చీరలు బొంతలైనవి, పాత పంచెలు మసిగుడ్డలైనవి. ఆ వరుస నేడు తెగిపోవుచున్నది. ప్రభుత్వము ప్లాస్టిక్ సంచుల కనీస మందమును 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రానులకు, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకు పెంచినది; మందమైన సంచిని పలుమార్లు వాడుదురని దాని ఆశయము. అయితే మందపు సంచిని సైతము ఒక్కసారి వాడి విసరివేసినచో, పలుచని సంచికంటె ఎక్కువ ప్లాస్టిక్ నేలపాలైనట్లే. గుడ్డసంచి విషయమునను ఒక మాట చెప్పవలసి యున్నది. ఈ జిల్లా నల్లరేగళ్లలో పండు పత్తికి ఎంత నీరు, ఎన్ని పురుగుమందులు కావలయునో రైతులకు తెలియనిది కాదు. గావున సభలలో పంచిపెట్టు కొత్త గుడ్డసంచులను ఇంట పోగుచేయుట ఉపకారము కాదు. పాత చొక్కాతోనో పరదాతోనో కుట్టిన సంచి ఒకటి తలుపు వెనుక మేకునకు వ్రేలాడుచుండి, బజారునకు పోవునపుడెల్ల చేతికి వచ్చినచో అదే శ్రేష్ఠము.

ఇక కార్తికమాసపు వనభోజనములు. అనుపు చెట్లక్రిందను, చంద్రవంక డెబ్బది అడుగుల ఎత్తునుండి దుముకు ఎత్తిపోతలయొద్దను, ఆ ఆదివారములలో జనము క్రిక్కిరిసియుండును. ఆనకట్ట గేట్లు ఇరువదియారును ఎత్తిన రోజులలో రెండు రాష్ట్రముల వారును వచ్చి చూతురు. కులభేదము లేక అందరిని ఒక్కచోట కూర్చుండబెట్టి భుజింపజేసిన బ్రహ్మనాయుని చాపకూడు పుట్టిన సీమ ఇది. కలసి తినుట ఇచ్చటివారికి ఎవరును నేర్పవలసినది కాదు. కాని తిని లేచిన పిమ్మట ఆ నేలను చూచినవారికి దుఃఖము కలుగక మానదు. థర్మాకోల్ పళ్లెములు గాలికి దొర్లుచు నీటి అంచును చేరును, ఎండకు పొడియై చేపల మేతలో కలియును. సాంబారు వాసన పట్టిన సంచులను పశువులు నమలును. చంద్రవంక మడుగులో మొసళ్లున్నవి, ప్రక్కనే పెద్దపులుల అభయారణ్యమున్నది. వానికి మన పండుగతో పనిలేదు.

థర్మాకోల్, ప్లాస్టిక్ పళ్లెములను, గ్లాసులను 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధించిరి. నిషేధము కంటె మోదుగాకు విస్తరి మేలైన సమాధానము. ఎండిన మోదుగాకులను చీపురుపుల్లలతో కుట్టిన విస్తరి అన్నము, పులుసు, పెరుగు అన్నింటిని ఓర్చును. తిన్న పిమ్మట పెంటకుప్పలో వేసినచో ఎరువగును. కొనునపుడు మాత్రము వెనుకకు త్రిప్పి చూడవలెను. ఆకునకో కాగితమునకో అడుగున పలుచని ప్లాస్టిక్ పొర అతికించి అమ్మువారు కలరు, ఆ పొర మట్టిలో కలియదు. వందమందికి మించిన బృందమైనచో, సామానుల అంగడిలో స్టీలు పళ్లెములు, గ్లాసులు అద్దెకు దొరకును. చిన్న సీసాల నీటికి బదులుగా మూతగల పెద్ద క్యానొకటి తీసికొనిపోయినచో వందలకొలది సీసాలు తగ్గును. తిరుగుప్రయాణమున చెత్తను ఊడ్చి నిప్పుపెట్టుట శుభ్రత యనుకొనుట పెద్ద పొరపాటు. ప్లాస్టిక్ పొగ విషము, ఎండుగడ్డి అడవిలో నిప్పురవ్వ అంతకంటె అపాయము. తెచ్చినదానిని గోనెసంచిలో కట్టి ఊరికి కొనిపోవుటయే మార్గము.

వేసవి వచ్చినదనగా వార్తలలో మండుటెండలకు రెంటచింతల పేరు మొదట వినబడును. ఆ ఎండ విజయపురి సౌత్‌ను విడిచిపెట్టదు. నాపరాళ్లు కప్పిన పాత ఇండ్లును, సిమెంటు స్లాబులును పగలు త్రాగిన వేడిని రాత్రియెల్ల క్రక్కుచుండగా ఫ్యాను ఆగదు. ఫాల్గుణమాసములోనే కప్పుపై చిక్కని తెల్లసున్నము రెండు పూతలు వేసినచో ఎండలో అధికభాగము వెనుకకు మరలిపోవును. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పులకై ఒక విధానమునే ప్రకటించినది. సున్నపురాతికి నిలయమైన పల్నాటిలో ఇది భారమైన ఖర్చు కాదు. ఫ్యాను మార్చవలసి వచ్చినపుడు 75 వాట్ల పాతరకమునకు బదులు ముప్పది వాట్లతో తిరుగు కొత్తరకమును కొనుట మంచిది.

దీపముల విషయమున ఈ సీమ దేశమున ముందువరుసలో నడచినది. 2014లో 60 వాట్ల బల్బునకు బదులు పదిరూపాయలకే 7 వాట్ల ఎల్.ఇ.డి. బల్బును ఇచ్చు పథకము ఆరంభమైన తొలి జిల్లాలలో నాటి గుంటూరు జిల్లా ఒకటి. విజయపురి సౌత్ అప్పుడు ఆ జిల్లాలోనిదే. బల్బులు మారినవి గాని, ఎవరును లేని గదిలో దీపము వెలుగుట మానలేదు. కుడికాలువ మొదట 90 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రము ఉన్నందున ఇచ్చటివారు తమ కరెంటంతయు నీటినుండియే పుట్టుచున్నదని భావించుట సహజము. కాలువకు నీరు వదలని నెలలలో ఆ యంత్రములు తిరుగవు. అప్పుడు ఆ కేంద్రమునకు కూతవేటు దూరములోని ఇంట వెలుగు దీపమునకు సైతము ఎక్కడనో బొగ్గు కాలుచుండును.