పడవల ఇన్వర్టరు: పన్నెండు వోల్టులే గదా అనుకుంటే...

మన హాస్టల్లో కరెంటు పోంగనే మూలకున్న ఇన్వర్టరు టక్కుమంటది, స్టడీ అవర్ ఆగకుండా నడుస్తది. అసొంటి డబ్బానే మా మామ తన పడవలో పెట్టిండు. పెట్టి రెండుసార్లు దెబ్బతిన్నడు. అవి ఎందుకయినయో రాస్తున్న.

మామది వేమనపల్లి దిక్కు. ప్రాణహిత మీద అవతలి మహారాష్ట్ర ఒడ్డుకు ఇనుప పడవ నడుపుతడు. పడవకు డీజిల్ ఇంజను, దాన్ని స్టార్టు చేయడానికి 12 వోల్టుల బ్యాటరీ ఒకటి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు వచ్చినప్పుడు పొద్దుగూకినంక వెలుగు ఉండాలె, మైకు ఉండాలె అని 300 వాట్ల చిన్న ఇన్వర్టరు కొనుక్కొచ్చిండు. బ్యాటరీ ఇచ్చేది ఒకే దిక్కు పారే కరెంటు. ఇన్వర్టరు దాన్ని క్షణానికి వంద మార్లు అటూ ఇటూ తిప్పి, 230 వోల్టులకు పెంచి, ఇంట్లో వచ్చే కరెంటు లెక్క చేసి ఇస్తుంది.

మామ ఇంట్లో బల్బులకు వాడగా మిగిలిన వైరు తెచ్చి బ్యాటరీకీ ఇన్వర్టరుకూ కలిపిండు. "సన్నగున్నది గద మామా" అన్న. "ఏంగాదు అల్లుడా, పన్నెండు వోల్టులే గదా, ముట్టుకున్నా షాకు కొట్టదు" అన్నడు. షాకు కొట్టని మాట నిజమే. మరి కాలదా అంటే, అక్కడే ఉంది కిటుకు.

రెండు వంద వాట్ల బల్బులు, 60 వాట్ల ఆంప్లిఫయరు, మొత్తం 260 వాట్లు. ఇన్వర్టరు కొంత తానే తింటుంది గనుక బ్యాటరీ నుంచి 300 వాట్ల పైన గుంజుతుంది. వాట్లు అంటే వోల్టులను ఆంపియర్లతో గుణించడమని మనకు క్లాసులో చెప్పిన్రు గదా. 230 వోల్టుల వైపు 260 వాట్లంటే ఒక్క ఆంపియరు, మీద కొసరు. అదే 12 వోల్టుల వైపు 25 ఆంపియర్లు! వోల్టులు తగ్గినకొద్దీ కరెంటు పెరిగిందన్నమాట. వైరు వేడెక్కేది వోల్టులతో కాదు, కరెంటుతో. అదీ కరెంటు వర్గంతో. అంటే కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు.

మామ వేసింది 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పోను రాను కలిపి నాలుగు మీటర్లు. దాని నిరోధం 0.048 ఓం దాకా ఉంటది. 25ను 25తో గుణించి దాన్ని 0.048తో గుణించండి: 30 వాట్లు. రేడియో రిపేరు చేసే సోల్డరింగ్ ఐరన్ అంత వేడి. పైగా ఎక్కువైన వైరును చుట్టచుట్టి పలక కింద దోపిండు, వేడి బయటికి పోయే తొవ్వ లేదు.

నడి ఏట్లో పొగ వచ్చింది. ఆడవాళ్లు, పిల్లలు ఒక్కసారి లేచి ఒకే పక్కకు జరిగిన్రు. పడవ ఒరిగింది. 2019 డిసెంబరులో ఇదే ప్రాణహితలో, చింతలమానెపల్లి మండలం గూడెం దగ్గర నాటుపడవ మునిగి ఇద్దరు అటవీ బీట్ అధికారులు చనిపోయిన సంగతి యాదికొచ్చి నాకు కాళ్లు వణికినయి. మామ "కూసోండ్రి, కూసోండ్రి" అని ఒర్రుకుంట తువ్వాలు చేతికి చుట్టుకొని ఆ వైరు పీకేసిండు. ఇంజను ఆగలేదు. డీజిల్ ఇంజను ఒకసారి అందుకుంటే దానికి బ్యాటరీతో పని లేదు. అదే మమ్మల్ని ఒడ్డుకు చేర్చింది.

తర్వాత చెన్నూరు నుంచి ఫిట్టరు వచ్చి అంతా ఊడదీసిండు. ఇన్వర్టరును బ్యాటరీకి దగ్గరగా, కానీ నీళ్లు చిందని ఎత్తున గాలాడే చోట బిగించిండు. 10 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఒక్కోటి అర మీటరు. ఇప్పుడు లెక్క కడితే అదే కరెంటుకు వేడి ఒక్క వాటు చిల్లర. ఆ వైరు కూడా ఒంటి తీగది కాదు, సన్న పోగులది. ఇంజను అదురుకు ఒంటి తీగ విరుగుతదట. ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలో 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిండు. "ఫ్యూజు ఇన్వర్టరు పక్కన పెడితే నడుమ ఉన్న వైరును ఎవడు కాపాడుతడన్నా?" అని మామనే అడిగిండు. బయటికి వచ్చే 230 వోల్టుల తీగల్లో ఏదీ పడవ ఇనుముకు తగలకుండా పైపులో నడిపించిండు. ఆ వైపు షాకు కొడితే, తడికాళ్లతో ఉన్న మనిషి బతుకుడు కష్టం.

ఇంతటితో అయిపాయె అనుకున్నం. రెండు రోజులకు అవతలి ఒడ్డున ఇంజను బందు పెట్టి రెండు గంటలు మైకు, బల్బులు నడిపిన్రు. తిరిగి వద్దామంటే స్టార్టరు కిర్రుమని ఊకుంది. ఇన్వర్టరు తనంత తాను ఆగేసరికి బ్యాటరీ దాదాపు ఖాళీ. గడ వేసుకుంట ఇవతలికి వచ్చినం, మామ దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. స్టార్టరు బ్యాటరీ కొన్ని సెకన్లు గట్టిగా నెట్టేందుకు చేసింది, గంటలకొద్దీ నడిచేందుకు కాదు.

అందుకని ఇన్వర్టరుకు వేరే బ్యాటరీ కొన్నరు, 100 ఆంపియర్ అవర్లది. లెక్కకు 1200 వాట్ అవర్లు, సగానికి మించి వాడితే తొందరగా పాడైతది కాబట్టి 600. పాత బల్బులతో రెండు గంటలే. వాటిని తీసి 9 వాట్ల ఎల్‌ఈడీలు రెండు పెడితే మైకుతో సహా ఆరు గంటలు దాటింది. ఛార్జింగు ఇంటికాడ, వాకిట్లో. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తది, నిప్పు తగిలితే పేలుతది. అత్త అప్పటినుంచి మామను బీడీతో ఆ దిక్కు రానియ్యదు.

ఫిట్టరు చెప్పిన ఇంకో సంగతి. నట్టు వదులైనా సన్న వైరు లెక్కనే వేడెక్కుతది. మన హాస్టల్ ఇన్వర్టరు బ్యాటరీ ప్లస్ మీద తెల్లగా బూజు పట్టి ఉంది, నేను చూసిన. వార్డెన్ సారు ఒప్పుకుంటే ఆదివారం ఆయన ముందరే అన్నీ బందు చేసి, ముందు మైనస్ విప్పి, తుడిచి బిగిద్దాం. స్పానరు ఒకేసారి రెండు టెర్మినళ్లకూ తగలకుండా పట్టుకునేవాళ్లు ఒకరు కావాలె.