బోరు నీళ్ల ఊళ్లో పిల్లికి వాటర్ ఫౌంటెన్: కొనే ముందు ఇది చదవండి

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. పప్పు ఉడకని, సబ్బు నురగ రాని బోరు నీళ్లు. మా పిల్లి చిట్టికి పారే నీళ్లంటే ఇష్టం కదా అని ఒక యూఎస్‌బీ ఫౌంటెన్ కొన్నాను. మొదటి నెల సూపర్. రెండో నెలలో పంపు గరగరమంది, పట్టించుకోలేదు. కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్న ఏప్రిల్‌లో పెళ్లికెళ్లి రాత్రికి తిరిగొచ్చేసరికి పంపు ఆగిపోయి ఉంది. ఆ మోడల్‌లో పంపు ఆగితే పై ట్రేలో చుక్క మిగలదు. గిన్నెలో పోయగానే చిట్టి తల ఎత్తకుండా తాగింది. యాప్ మాత్రం ఫిల్టర్ ఇంకా 60 శాతం ఉందంటోంది!

అసలేం జరిగింది?

మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఆవిరయ్యేది నీరే, ఖనిజాలు అక్కడే ఉండిపోతాయి. తగ్గినప్పుడల్లా పైన నీళ్లు పోస్తే ఆ గాఢత ఇంకా పెరుగుతుంది. పైగా ధార పడుతున్నప్పుడు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, కాల్షియం కార్బొనేట్ తెల్లటి గారలా పేరుకుంటుంది. పంపులో తిరిగే చిన్న అయస్కాంతపు చక్రం చుట్టూ ఖాళీ చాలా తక్కువ. అక్కడ గార పడితే చక్రం బిగుసుకుపోతుంది.

ఫిల్టర్ ఉందిగా?

స్పాంజ్ వెంట్రుకల్ని, కార్బన్ వాసనల్ని ఆపుతాయి. కరిగిన ఖనిజాల్ని కార్బన్ ఆపదు. కొన్నిటిలో రెసిన్ ఉన్నా, కఠిన జలంలో త్వరగా పనైపోతుంది. చాలా మోడళ్లలో ఆ శాతం కేవలం రోజుల లెక్క. మీ నీళ్ల సంగతి దానికి తెలీదు.

మీ నీళ్లు ఎలాంటివి?

టీడీఎస్ మీటర్ ఒక అంచనా ఇస్తుంది కానీ అది కాఠిన్యం కాదు. కాఠిన్యానికి టెస్ట్ స్ట్రిప్‌లు వేరే దొరుకుతాయి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 600 వరకు. కనిగిరి వైపైతే ఫ్లోరైడ్ సమస్య కూడా ఉంది. కాచినా, కార్బన్ ఫిల్టర్ పెట్టినా అది పోదు. సింపుల్‌గా చెప్పాలంటే, మీరు తాగే ఆర్వో నీళ్లే పిల్లికీ పోయండి.

నేను ఇప్పుడు చేస్తున్నది

• పైన నింపడం మానేశాను. రెండ్రోజులకోసారి మొత్తం పారబోసి, కడిగి, కొత్త నీళ్లు పోస్తాను.
• వారానికోసారి పంపు విప్పి, చక్రం బయటికి తీసి, లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు స్పూన్ల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెడతాను. బుడగలు వస్తే గార కరుగుతున్నట్టే. తర్వాత బ్రష్‌తో రుద్ది, బాగా కడగాలి. నిమ్మ ఉప్పులో బ్లీచింగ్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు.
• పక్కనే మామూలు గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. కరెంటు పోతుందని పవర్ బ్యాంక్‌ను నమ్ముకోకండి. పంపు లాగే కరెంట్ తక్కువ కాబట్టి కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆఫ్ అయిపోతాయి.

మరి కొనొచ్చా?

కొనొచ్చు. డ్రై ఫుడ్ తినే పిల్లికి తిండిలో తేమ తక్కువ, నీళ్లు తాగించే ఏ దారైనా మంచిదే. కానీ యాప్, లైట్లు చూసి కొనకండి. పంపు విప్పడానికి వస్తుందా, స్పేర్ పంపు దొరుకుతుందా, పంపు ఆగినా ట్రేలో నీళ్లు నిలుస్తాయా? ఈ మూడూ చూడండి. వారానికో అరగంట కేటాయించలేకపోతే, రోజూ కడిగిన గిన్నే బెస్ట్ గాడ్జెట్.