మంచు కరిగే రోజుల్లో మేపుల్ నీరు

అమెరికాలోని వెర్మాంట్‌లో, కెనడాలోని క్విబెక్‌లో మార్చి నెలకు ఇంకా చెట్లు చిగుర్చవు. కాళ్ల కింద మంచు, కొమ్మలకు ఒక్క ఆకైనా ఉండదు. అయినా పెరట్లో మేపుల్ చెట్టుకు తగిలించిన బకెట్‌లో టప్ టప్‌మని చుక్కలు పడుతూనే ఉంటాయి. దోసిట పట్టి తాగితే మంచినీళ్లే అనిపిస్తుంది. తీపి నాలుకకు లీలగా తగిలి పోతుంది.

ఆ కాస్త తీపి కోసమే ఇంత శ్రమ. ఈ నీటిలో చక్కెర సుమారు రెండు శాతమే. మన చెరకు రసంలో దానికి ఏడెనిమిది రెట్లు ఉంటుంది. అందుకే లీటరు సిరప్ కావాలంటే దాదాపు 40 లీటర్లు మరిగించాలి.

తాటి నీరా కోసం గీత కార్మికుడు చెట్టెక్కి గెల గీయాలి. ఇక్కడ నేల మీద నిలబడే పని అయిపోతుంది. కానీ వాతావరణం కలిసి రావాలి. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ, రెండూ ఉండాలి. చలికి కాండంలోని గాలి కుంచించుకుని వేళ్ల నుంచి నీటిని పైకి లాగుతుంది. ఎండకు ఆ గాలే వ్యాకోచించి నీటిని బయటికి నెడుతుంది. వరుసగా వెచ్చబడినా, వరుసగా గడ్డకట్టినా ధార ఆగిపోతుంది.

రంధ్రం వేసే చెట్టు కాండం కనీసం 30 సెంటీమీటర్ల లావుండాలి. 8 మిల్లీమీటర్ల రంధ్రం, 4–5 సెంటీమీటర్ల లోతు, నీరు బయటికి జారేలా కొద్దిగా వాలు. అంతకు మించి చెట్టును గాయపరచకూడదు. మరుసటి ఏడాది పాత గాటుకు దూరంగా కొత్త చోటు చూసుకోవాలి. ఒక్కో రంధ్రం నుంచి సీజన్ మొత్తం మీద ఓ లీటరు సిరప్‌కు సరిపడా నీరు వస్తుంది.

పట్టిన నీరు పాలలాగే పాడవుతుంది. బకెట్లను మంచులో పూడ్చి, రెండు మూడు రోజుల్లోపే పొయ్యి మీదికి ఎక్కించాలి. పొయ్యి ఆరుబయట ఉండటమే మేలు. అన్ని లీటర్ల నీరు వంటింట్లో ఆవిరైతే గోడలు తడిసి ముద్దవుతాయి. వెడల్పాటి, లోతు తక్కువ పెనం త్వరగా పని తెముల్చుతుంది. నురగ పొంగితే చిటికెడు వెన్న వేస్తే చాలు, అణగిపోతుంది.

అసలు ఒడుపు చివర్లో ఉంది. నీరు మరిగే వేడికన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ, అంటే 104 డిగ్రీల సెల్సియస్ వద్ద దించేయాలి. తీగపాకం చూసే అమ్మమ్మలకు ఈ లెక్క కొత్తేమీ కాదు. పలుచగా దించితే బూజు పడుతుంది, మరీ ముదిరితే సీసా అడుగున పలుకులు కడుతుంది. వేడిగా ఉండగానే మందపాటి ఉన్నిగుడ్డలో వడకడితే ఇసుకలాంటి ఖనిజపు మడ్డి పోతుంది.

ఐరోపా వాళ్లు రాకముందే ఆదివాసులకు ఈ విద్య తెలుసు. వారిలో అనిషినాబే ప్రజలు మేపుల్ చక్కెర వండే రోజులతోనే ఒక నెలకు పేరు పెట్టుకున్నారు. క్విబెక్‌లో ఇంకాస్త ముదిరిన పాకాన్ని శుభ్రమైన మంచు మీద పోసి, సాగే తీగను పుల్లకు చుట్టి పిల్లలకు ఇస్తారు.

మొగ్గలు ఉబ్బగానే నీటి రుచి మారి, సిరప్‌కు అదోరకం వాసన వస్తుంది. ఆ రోజే రంధ్రాల్లో పెట్టిన గొట్టాలు పీకేసి, బకెట్లు కడిగి బోర్లిస్తారు.